పోస్ట్‌గ్రెస్ 11 నుంచి 16కి అప్‌గ్రేడ్ చేశాక రిపోర్టులు మాత్రమే స్లో: 3 సెకన్ల క్వెరీకి ఇప్పుడు 26 సెకన్లు

బ్యాకెండ్_బండి:

వారాంతంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను 11వ వెర్షన్ నుంచి 16కి మార్చాం. పీజీ_అప్‌గ్రేడ్‌ను --లింక్ ఆప్షన్‌తో వాడాం. మెషిన్ అదే: 16 కోర్లు, 64 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ డిస్కులు. డేటా సుమారు 700 జీబీ. అప్లికేషన్ కోడ్‌లో ఒక్క లైను కూడా మారలేదు.

రోజువారీ ఎంట్రీ స్క్రీన్లు బాగానే ఉన్నాయి. పాత డేటా మీద నడిచే రిపోర్టులే పడుకున్నాయి. ఒకదాని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీని నడిపి, ఏ దశకు ఎంత పట్టిందో చూపే కమాండ్) సారాంశం ఇది:

- ఆర్డర్_హిస్టరీ (దాదాపు 1.8 కోట్ల రోలు, అంటే టేబుల్ వరుసలు), ప్రాంతం కోడ్ = ఒక విలువ, స్టేటస్ = ఒక విలువ. ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచుకునే భాగం) అంచనా 488 రోలు, నిజంగా వచ్చినవి 2,12,000.
- దాని పైన చెల్లింపు_హిస్టరీతో నెస్టెడ్ లూప్ (ఒక్కో రోకూ రెండో టేబుల్లో విడిగా వెతకడం). లోపలి ఇండెక్స్ స్కాన్‌కు సగటున 0.11 మిల్లీసెకన్లు, లూప్స్ 2,12,000.
- మొత్తం 26 సెకన్లు.

పాత సర్వర్ లాగ్‌లో ఆటో_ఎక్స్‌ప్లెయిన్ రాసిన ప్లాన్ దొరికింది. అక్కడ ఇదే క్వెరీకి పారలల్ హాష్ జాయిన్ (ఒక టేబుల్‌ను మెమరీలో పెట్టుకుని, పలు వర్కర్లతో రెండోదాన్ని ఒకేసారి కలపడం) ఎంచుకుంది, 3 సెకన్లలో ముగిసింది. ఆటోవాక్యూమ్ (టేబుళ్లను తనంతట తానే శుభ్రం చేసి, అనలైజ్ చేసే పని) ఆన్‌లోనే ఉంది కాబట్టి స్టాటిస్టిక్స్ (కాలమ్స్‌లోని విలువల గురించి అనలైజ్ సేకరించే లెక్కలు) సంగతి అదే చూసుకుని ఉండాలి. ఇప్పుడు ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాలా (మళ్లీ కొత్తగా కట్టాలా), వాక్యూమ్ ఫుల్ కొట్టాలా, లేక 16లో ప్లానర్ తీరే ఇంతా?

---

ప్లాన్_చూపించు:

వాక్యూమ్ ఫుల్ జోలికి వెళ్లకండి. టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది, అది ముగిసేదాకా ఆ టేబుల్‌ను ఎవరూ చదవలేరు కూడా, డిస్కులో ఇంకో కాపీకి సరిపడా ఖాళీ కావాలి. ఇంత చేసినా ఈ ప్లాన్ మారదు, ఎందుకంటే వాక్యూమ్ ఫుల్ ఒక్కటే కొడితే కాలమ్ స్టాటిస్టిక్స్ రావు.

మీ సమస్య ఆ 488లోనే ఉంది. ఒక కాలమ్‌కు స్టాటిస్టిక్స్ అసలు లేనప్పుడు, అందులో 200 వేర్వేరు విలువలు ఉన్నాయని ప్లానర్ అనుకుంటుంది. అంటే ఈక్వల్ షరతు ఒక్కోటి 200లో ఒక వంతును మిగులుస్తుంది. రెండు షరతులు కాబట్టి 40,000లో ఒకటి. 488ని 40,000తో గుణిస్తే 1.95 కోట్లు. మీ టేబుల్లో ఉన్నవి 1.8 కోట్లు. ఆ తేడా ఎందుకంటే, రో కౌంటు కూడా దాని దగ్గర లేదు. ఫైల్ సైజును చూసి, కాలమ్ టైపులను బట్టి ఒక రో ఎంత వెడల్పు ఉంటుందో ఊహించి భాగించింది. ఇది స్టాటిస్టిక్స్ లేని టేబుల్ అని ఆ ఒక్క అంకె చూసే చెప్పొచ్చు.

పీజీ_అప్‌గ్రేడ్ 17వ వెర్షన్ వరకూ ప్లానర్ స్టాటిస్టిక్స్‌ను కొత్త క్లస్టర్‌కు (ఒక పోస్ట్‌గ్రెస్ సర్వర్ డేటా మొత్తం) తీసుకెళ్లదు. 18 నుంచి చాలావరకు తీసుకెళ్తుంది, అప్పుడు కూడా క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో చేసిన ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ రావు. మీరు 16కి వెళ్లారు కాబట్టి సున్నా నుంచి మొదలు.

మరి ఆటోవాక్యూమ్ ఏం చేసినట్టు? అది టేబుల్లో ఎన్ని రోలు మారాయన్న లెక్కను బట్టి కదులుతుంది. అప్‌గ్రేడ్ తర్వాత ఆ లెక్క కూడా సున్నాకు పోయింది. రోజూ ఇన్సర్ట్లు, అప్‌డేట్లు పడే టేబుళ్లకు త్వరగానే వంతు వచ్చి అనలైజ్ అయిపోయింది. అందుకే ఎంట్రీ స్క్రీన్లు బాగున్నాయి. హిస్టరీ టేబుళ్లలో ఏమీ మారదు, కాబట్టి వాటి వంతు రాదు. ఎన్ని వారాలు ఆగినా రాదు.

ఖాయం చేసుకోవడానికి: పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో లాస్ట్_అనలైజ్, లాస్ట్_ఆటోఅనలైజ్ రెండూ నల్ ఉన్న టేబుళ్ల జాబితా తీయండి. ఆ కాలమ్స్ క్రాష్ తర్వాత కూడా ఖాళీ అవుతాయి, కాబట్టి వాటినొక్కటే నమ్మొద్దు. పీజీ_స్టాట్స్ వ్యూలో ఆ టేబుల్ పేరుతో వెతకండి. ఒక్క రో కూడా రాకపోతే స్టాటిస్టిక్స్ లేనట్టే.

చేయాల్సింది, ఈ క్రమంలో:

1. ముందు నొప్పి ఉన్న రెండు టేబుళ్లు: అనలైజ్ వెర్బోస్ ఆర్డర్_హిస్టరీ, తర్వాత చెల్లింపు_హిస్టరీ. 1.8 కోట్ల రోలని భయపడొద్దు. డిఫాల్ట్ స్టాటిస్టిక్స్ టార్గెట్ 100, శాంపిల్ దానికి 300 రెట్లు, అంటే 30,000 రోలే చదువుతుంది. చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు, పగలే చేయొచ్చు.
2. తర్వాత అన్నిటికీ: వాక్యూమ్‌డీబీ --ఆల్ --అనలైజ్-ఓన్లీ --జాబ్స్=8.

--అనలైజ్-ఇన్-స్టేజెస్ వాడమని చాలాచోట్ల చూస్తారు. అది అప్‌గ్రేడ్ అయిన వెంటనే, ట్రాఫిక్ వదలకముందు వాడాల్సిన ఆప్షన్. మొదటి దశలో టార్గెట్ 1తో, రెండో దశలో 10తో, మూడో దశలో పూర్తి టార్గెట్‌తో నడుస్తుంది. కచ్చా అంచనాలైనా నిమిషాల్లో వస్తాయన్నది దాని లాభం. మీ దగ్గర సగం టేబుళ్లకు ఇప్పటికే మంచి స్టాటిస్టిక్స్ ఉన్నాయి. ఇప్పుడు దశల వారీగా నడిపితే మొదటి దశ వాటి మీద టార్గెట్ 1 నాటి ముతక లెక్కలు రాస్తుంది, కాసేపు ఎంట్రీ స్క్రీన్లు కూడా పడుకుంటాయి.

రీఇండెక్స్ సంగతి తర్వాత చూద్దాం, అది ఈ జబ్బుకు మందు కాదు.

---

వాల్_ఫైల్:

పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ లోపలి స్కాన్‌కు 0.11 మిల్లీసెకన్లు అన్నది నాకు నచ్చలేదు. మెమరీలో ఉన్న బీట్రీ ఇండెక్స్‌లో ఒక కీ వెతకడానికి అంత పట్టకూడదు. ఎక్స్‌ప్లెయిన్‌ను అనలైజ్‌తో పాటు బఫర్స్ కూడా పెట్టి మళ్లీ తీయండి. షేర్డ్ హిట్ (పోస్ట్‌గ్రెస్ మెమరీలో దొరికినవి) తక్కువగా, రీడ్ (బయటి నుంచి తెచ్చినవి) ఎక్కువగా ఉంటే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చూడండి.

పీజీ_అప్‌గ్రేడ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్‌ను ముట్టుకోదు. ఆల్టర్ సిస్టమ్‌తో పెట్టినవి ఉండే ఆటో.కాన్ఫ్‌నూ తేదు. కొత్త క్లస్టర్ ఇనిట్‌డీబీ పుట్టించిన కాన్ఫ్‌తోనే లేస్తుంది. ఆల్టర్ డేటాబేస్, ఆల్టర్ రోల్‌తో పెట్టిన సెట్టింగులు మాత్రం వస్తాయి. దీనివల్ల తికమక ఎక్కువ: ఒక యూజర్‌కు వర్క్_మెమ్ సరిగ్గా కనిపిస్తుంది, ఇంకొకరికి 4 ఎంబీ.

పీజీ_సెట్టింగ్స్‌లో సోర్స్ కాలమ్ డిఫాల్ట్ కానివన్నీ తీసి, పాత కాన్ఫ్ పక్కన పెట్టి డిఫ్ కొట్టండి. ముఖ్యంగా ఇవి:

- షేర్డ్_బఫర్స్: డిఫాల్ట్ 128 ఎంబీ. మీ 64 జీబీ మెషిన్‌కు 16 జీబీ దగ్గర మొదలుపెట్టండి. రీస్టార్ట్ కావాలి.
- ఎఫెక్టివ్_క్యాష్_సైజ్: డిఫాల్ట్ 4 జీబీ. ఇది మెమరీ తీసుకోదు, ఓఎస్ క్యాష్‌తో కలిపి ఎంత అందుబాటులో ఉందో ప్లానర్‌కు చెప్పడమే. 45 నుంచి 48 జీబీ.
- ర్యాండమ్_పేజ్_కాస్ట్: డిఫాల్ట్ 4. ఎన్‌వీఎంఈ మీద 1.1.
- వర్క్_మెమ్: డిఫాల్ట్ 4 ఎంబీ. సర్వర్ మొత్తానికి 32 ఎంబీ దాటించకుండా, రిపోర్టుల యూజర్‌కు మాత్రం ఆల్టర్ రోల్‌తో 128 ఎంబీ ఇవ్వండి. ఇది క్వెరీకి కాదు, క్వెరీలోని ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హాష్‌కు, పారలల్ అయితే ఒక్కో వర్కర్‌కు. గుణించుకుంటే ఎక్కడికో పోతుంది.
- మాక్స్_వాల్_సైజ్: డిఫాల్ట్ 1 జీబీ. చెక్‌పాయింట్లు (మెమరీలో మారిన డేటాను డిస్కుకు రాసే పని) మరీ తరచుగా వస్తున్నాయని లాగ్‌లో హెచ్చరికలు ఉంటే ఇదే కారణం.

ఒక జాగ్రత్త: పాత కాన్ఫ్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి కొత్త దానిమీద పడేయొద్దు. 11లో ఉండి 16లో లేని పేర్లు ఉంటే సర్వర్ లేవదు. వాల్_కీప్_సెగ్మెంట్స్ అలాంటిదే, 13లో దాని స్థానంలో వాల్_కీప్_సైజ్ వచ్చింది.

షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్ కూడా చూడండి. అందులో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ లేకపోతే ఏ క్వెరీ ఎంత తింటోందో తెలియక చీకట్లో తడుముకుంటున్నట్టే. ఎక్స్‌టెన్షన్‌ను ఆల్టర్ ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తో కొత్త వెర్షన్‌కు తేవాలి. పీజీ_అప్‌గ్రేడ్ చివర్లో అప్‌డేట్_ఎక్స్‌టెన్షన్స్ అనే ఎస్‌క్యూఎల్ ఫైల్ ఇస్తుంది, అది నడిపితే చాలు. 13 నుంచి కాలమ్ పేర్లు మారాయి, టోటల్_టైమ్ ఇప్పుడు టోటల్_ఎగ్జెక్_టైమ్, మీన్_టైమ్ మీన్_ఎగ్జెక్_టైమ్. పాత మానిటరింగ్ స్క్రిప్టులు అక్కడే ఆగిపోతాయి.

---

బ్యాకెండ్_బండి:

ఇద్దరికీ ధన్యవాదాలు. షేర్డ్_బఫర్స్ 128 ఎంబీయే ఉంది. 16 జీబీ చేసి, మిగతావి కూడా సరిచేసి, రీస్టార్ట్ చేశాం. అనలైజ్ అన్నిటికీ అయింది. పై రిపోర్టు పారలల్ హాష్ జాయిన్‌కు తిరిగొచ్చింది, 2.6 సెకన్లు. ఎక్కువ రిపోర్టులు దారిలో పడ్డాయి. రెండు మిగిలాయి:

ఒకటి, విత్ క్లాజ్ ఉన్న క్వెరీ. మొదట విత్‌లో కొద్దిపాటి కస్టమర్లను వడకట్టి, కింద పెద్ద టేబుల్‌తో కలుపుతుంది. 11లో 300 మిల్లీసెకన్లు, ఇప్పుడు 12 సెకన్లు. ప్లాన్‌లో సీటీఈ స్కాన్ (విత్ భాగం ఫలితాన్ని చదివే దశ) అనే నోడే కనిపించడం లేదు.

రెండోది, డ్యాష్‌బోర్డు క్వెరీ. నెలవారీ పార్టిషన్లు (నెలకో ముక్కగా విడదీసిన టేబుల్ భాగాలు) ఉన్న టేబుల్, 48 పార్టిషన్లు. 90 మిల్లీసెకన్లు ఉండేది 640 అయింది. ప్లాన్ ఆకారం దాదాపు పాతదే, కింద జిట్ అని కొత్త లెక్క ఒకటి: టోటల్ 510 మిల్లీసెకన్లు.

పోల్చి చూడ్డానికి పాత క్లస్టర్‌ను వేరే పోర్టు మీద లేపొచ్చా?

---

బీట్రీ:

చివరి ప్రశ్న ముందు: లేపొద్దు. --లింక్‌లో రెండు క్లస్టర్ల డేటా ఫైళ్లూ ఒకటే. కొత్తది ఒక్కసారి స్టార్ట్ అయ్యాక పాతదాన్ని నడపడం క్షేమం కాదు. పొరపాటున ఎవరూ లేపకూడదనే పీజీ_అప్‌గ్రేడ్ పాత పీజీ_కంట్రోల్ ఫైల్ పేరు చివర .ఓల్డ్ తగిలించి పెడుతుంది. ఆ పేరు వెనక్కి మార్చే ప్రయత్నం చేయకండి. పోల్చాలంటే అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్‌ను వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి అక్కడ ప్లాన్ తీయండి.

మొదటి క్వెరీ: మీరు 12ను దాటి వచ్చారు, అక్కడ మారింది. 11 వరకూ విత్ అంటే గోడ. లోపలిది విడిగా లెక్కకట్టి, ఫలితం పక్కన పెట్టి, ఆ తర్వాతే బయటి క్వెరీ. 12 నుంచి విత్ భాగాన్ని ఒకేచోట వాడితే, అది రికర్సివ్ కాకపోతే, అందులో వోలటైల్ (పిలిచిన ప్రతిసారీ ఫలితం మారగల) ఫంక్షన్లూ డేటా మార్చే స్టేట్‌మెంట్లూ లేకపోతే, ప్లానర్ దాన్ని బయటి క్వెరీలో కలిపేసుకుంటుంది. సీటీఈ స్కాన్ కనిపించకపోవడానికి కారణం అదే. మామూలుగా ఇది మంచి మార్పే, బయటి షరతులు లోపలికి దిగి ఇండెక్స్ వాడుకుంటాయి. కానీ జాయిన్ క్రమాన్ని బిగించడానికే విత్ వాడిన క్వెరీలు దీంతో తిరగబడతాయి.

తక్షణ మందు: విత్ పేరు తర్వాత ఆజ్ మెటీరియలైజ్డ్ అని రాయడం. పాత ప్రవర్తన తిరిగొస్తుంది. 11కి ఈ వ్యాకరణం తెలియదు, కాబట్టి రెండు వెర్షన్ల మీదా నడవాల్సిన కోడ్‌లో విత్ లోపలి సెలెక్ట్ చివర ఆఫ్‌సెట్ 0 పెట్టండి. చూడ్డానికి మొరటుగా ఉంటుంది గానీ రెండుచోట్లా గోడలాగే పనిచేస్తుంది.

అయితే అక్కడితో వదలకండి. కలిపేసుకున్న ప్లాన్ ఎందుకు చెడింది? అంచనా రోలు, నిజం రోలు నోడ్ నోడ్‌కూ పోల్చుకుంటూ కింది నుంచి పైకి రండి. పదిరెట్లకు మించి తేడా మొదట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి. వడకట్టే షరతుల్లో ఒకదానిమీద ఒకటి ఆధారపడే కాలమ్స్ ఉంటే, ఉదాహరణకు ప్రాంతం కోడ్, శాఖ కోడ్, ప్లానర్ వాటిని విడివిడి అనుకుని గుణిస్తుంది, అంచనా మరీ చిన్నదైపోతుంది. క్రియేట్ స్టాటిస్టిక్స్‌లో డిపెండెన్సీస్ రకాన్ని ఆ రెండు కాలమ్స్ మీద పెట్టి, టేబుల్‌ను మళ్లీ అనలైజ్ చేయండి. అనలైజ్ చేయకపోతే ఆ వస్తువు ఖాళీ డబ్బా.

రెండో క్వెరీ: జిట్. 11లోనే వచ్చింది, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్. 12 నుంచి ఆన్. అంచనా కాస్ట్ 1,00,000 దాటితే క్వెరీలోని ఎక్స్‌ప్రెషన్లను మెషిన్ కోడ్‌గా కంపైల్ చేస్తుంది. 5,00,000 దాటితే ఇన్‌లైనింగ్, ఖరీదైన ఆప్టిమైజేషన్ కూడా మొదలవుతాయి. 48 పార్టిషన్లంటే ఒక్కో స్కాన్‌కూ వేరే ఫంక్షన్లు, కంపైల్ చేయాల్సినవి వందల్లో ఉంటాయి. పైగా ఆ కంపైల్ చేసిన కోడ్‌ను దాచుకోదు, క్వెరీ నడిచిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచి. 640లో 510 అక్కడే పోతోంది. సెషన్‌లో సెట్ జిట్ = ఆఫ్ పెట్టి అదే క్వెరీ నడపండి, 130 దగ్గరకు వస్తే నిర్ధారణ అయినట్టే. ఆ తర్వాత కాన్ఫ్‌లోనే జిట్ ఆఫ్ చేసేయండి. ఇలాంటి మిశ్రమ లోడ్‌కు దానివల్ల ఒరిగేది తక్కువ.

---

ప్లాన్_చూపించు:

సర్వర్ మొత్తానికి ఆఫ్ చేయడం నాకు నచ్చదు. లక్షల రోల మీద సమ్‌లు, కేస్‌లు నడిచే పెద్ద రిపోర్టులకు జిట్ నిజంగానే పనికొస్తుంది, వీళ్లకేమో రిపోర్టులే ఎక్కువ. జిట్_అబవ్_కాస్ట్‌ను 10,00,000కు, ఇన్‌లైన్, ఆప్టిమైజ్ హద్దులను 50,00,000కు పెంచి చూడండి. లేదా డ్యాష్‌బోర్డు యూజర్‌కు ఒక్కడికే ఆల్టర్ రోల్‌తో జిట్ ఆఫ్.

అంతకన్నా ముందు ఇంకోటి. జిట్ కదిలేది అంచనా కాస్ట్‌ను చూసి. అంచనా తప్పితే చిన్న క్వెరీకి కూడా లేస్తుంది. పార్టిషన్ టేబుల్ అన్నారు కాబట్టి పేరెంట్‌కు (పార్టిషన్లన్నిటికీ పైనుండే టేబుల్‌కు) స్టాటిస్టిక్స్ ఉన్నాయా? ఆటోవాక్యూమ్ పార్టిషన్లను మాత్రమే అనలైజ్ చేస్తుంది, పేరెంట్‌ను ఎప్పుడూ చేయదు. 16లోని వాక్యూమ్‌డీబీ కూడా టేబుల్ పేరు ఇవ్వకపోతే పేరెంట్లను దాటేస్తుంది. పీజీ_స్టాట్స్‌లో పేరెంట్ పేరుతో ఇన్‌హెరిటెడ్ = ట్రూ ఉన్న రోలు లేకపోతే, పేరెంట్ పేరు పెట్టి అనలైజ్ కొట్టండి. అది పార్టిషన్లన్నిటినీ కూడా తిరిగి అనలైజ్ చేస్తుంది, 48కి కాస్త టైమ్ పడుతుంది, రాత్రి పెట్టుకోండి.

---

వాల్_ఫైల్:

గ్రూప్ బై ఉన్న రిపోర్టుల్లో ఇంకో తేడా కనిపించొచ్చు. 12 వరకూ హాష్ అగ్రిగేట్ (గ్రూపులను మెమరీలో కట్టే పద్ధతి) అంచనా తప్పినా వర్క్_మెమ్‌ను దాటి మెమరీ తీసుకుంటూ పోయేది. 13 నుంచి హద్దు దాటితే డిస్కుకు రాస్తుంది. ప్లాన్‌లో హాష్ అగ్రిగేట్ కింద బ్యాచెస్ 1 కన్నా ఎక్కువ ఉండి, డిస్క్ యూసేజ్ అని కనిపిస్తే అదే. హాష్_మెమ్_మల్టిప్లయర్ 15 నుంచి డిఫాల్ట్‌గా 2, దాన్ని రిపోర్టుల యూజర్‌కు 4 చేస్తే సార్టుల హద్దు పెంచకుండా హాష్‌లకు మాత్రం చోటు దొరుకుతుంది.

అప్లికేషన్ నుంచి స్లో, పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్‌లో) చేత్తో టైప్ చేస్తే ఫాస్ట్ అయితే జెనరిక్ ప్లాన్‌ను అనుమానించండి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ మొదటి 5 సార్లు ఇచ్చిన విలువలకు తగ్గ ప్లాన్ వేసుకుంటుంది, ఆ తర్వాత విలువలు చూడని ప్లాన్ కాస్ట్ ఎక్కువేమీ కాదనిపిస్తే దానికి మారిపోతుంది. ప్లాన్_క్యాష్_మోడ్‌ను ఫోర్స్_కస్టమ్_ప్లాన్ చేసి తేడా చూడండి.

మెషిన్ అదేనని మొదటే రాశారు, ఓఎస్ కూడా మార్చకపోతే ఇది మీకు కాదు, ఇక్కడ చదివేవాళ్లకు: ఓఎస్‌తో పాటు జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28ను దాటి వస్తే అక్షరాల వరుస మారుతుంది, టెక్స్ట్ కాలమ్స్ మీది ఇండెక్సులు చెడతాయి. అది స్లో సమస్య కాదు, తప్పు ఫలితాల సమస్య. ఉన్న రో దొరకదు, యూనిక్ ఇండెక్స్‌లో డూప్లికేట్లు దూరతాయి. అక్కడ టెక్స్ట్ ఇండెక్సుల రీఇండెక్స్ తప్పనిసరి.

---

బ్యాకెండ్_బండి:

ఆజ్ మెటీరియలైజ్డ్‌తో విత్ క్వెరీ 280 మిల్లీసెకన్లు. తర్వాత క్రియేట్ స్టాటిస్టిక్స్ పెట్టి, మెటీరియలైజ్డ్ తీసేసి చూస్తే 190. అలాగే ఉంచేశాం.

డ్యాష్‌బోర్డుకు పేరెంట్ అనలైజ్ ఒక్కటే చాలింది. కాస్ట్ అంచనా లక్షకు కిందికి పడింది, జిట్ లేవడం మానేసింది, 95 మిల్లీసెకన్లు. జిట్ సెట్టింగులు ముట్టుకోలేదు.

రీఇండెక్స్ సంగతి తర్వాత అన్నారు కదా, దానివల్ల మాకేమైనా లాభం ఉందా? పేరెంట్ అనలైజ్‌ను ఎంత తరచుగా పెట్టాలి?

---

బీట్రీ:

లాభం ఉంది, తొందర లేదు. 13లో బీట్రీకి డీడూప్లికేషన్ వచ్చింది: ఒకే విలువ వేల రోలలో ఉంటే ఆ విలువను ఒకసారే రాసి, రోల చిరునామాలు వరుసగా పెడుతుంది. అప్‌గ్రేడ్‌లో వచ్చిన పాత ఇండెక్సులకు రీఇండెక్స్ చేసేదాకా ఇది వర్తించదు. స్టేటస్, ప్రాంతం కోడ్ లాంటి కాలమ్స్ మీది ఇండెక్సులు బాగా చిన్నవవుతాయి, ప్రైమరీ కీలకు దీనివల్ల వచ్చేదేమీ లేదు. కాబట్టి అన్నీ వద్దు. పీజీ_రిలేషన్_సైజ్‌తో పెద్ద ఇండెక్సులు పది తీసి, అందులో విలువలు ఎక్కువగా రిపీట్ అయ్యేవి మాత్రం రీఇండెక్స్ ఇండెక్స్ కంకరెంట్‌లీతో ఒక్కొక్కటిగా చేయండి. పాతది, కొత్తది రెండూ కాసేపు పక్కపక్కనే ఉంటాయి, అంత ఖాళీ ఉండాలి. మధ్యలో ఆగిపోతే పేరు చివర _సీసీన్యూ ఉన్న చెల్లని ఇండెక్స్ మిగులుతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.

పేరెంట్ అనలైజ్: నెలకో కొత్త పార్టిషన్ కాబట్టి, కొత్త దాంట్లో కొన్ని రోజుల డేటా పడ్డాక నెలకోసారి చాలు. తేదీ మీద షరతులు ఎక్కువ ఉంటే వారానికోసారి క్రాన్‌లో పెట్టండి. నెల మొదటి రోజున, పార్టిషన్ ఖాళీగా ఉండగా నడిపితే ఉపయోగం లేదు.